ఎడమ చేతి చూపుడు వేలు

ఇరవై రెండేళ్లు నేను ఓటు వేయలేదు. ఓటరు కార్డు ఉంది, జాబితాలో పేరు ఉంది, పోలింగు జరిగే బడి సీతాఫల్‌మండిలో మా ఇంటికి ఐదు నిమిషాల నడక. అయినా వేయలేదు. ఈ మాట గొప్ప కోసం రాయడం లేదు. ఒకప్పుడు గొప్పగానే చెప్పుకునేదాన్ని, అదీ నిజమే.

నేను పనిచేసేది ఎన్నికల సిరా తయారయ్యే చోట. ఓటు వేసినవాళ్ల వేలికి పెడతారే, ఆ సిరా. రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత ఇంటి కింది భాగంలో నాలుగు గదులు, ఏడెనిమిది మంది ఆడవాళ్లం, మా సారు. సారుది కోస్తా వైపు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు, అది మానేసి ఈ పని పెట్టారు. మా సిరా మన దేశంలో వాడరు, ఆఫ్రికా దేశాలకు పోతుంది. అక్కడ ఏ దేశంలో ఎన్నికలు రాబోతున్నాయో మాకు పేపరు కంటే ముందే తెలిసేది. ప్రపంచ పటంలో ఆ దేశాలు ఎక్కడున్నాయో మాత్రం చాలాకాలం తెలియదు. అట్టపెట్టె మీద అచ్చయిన పేరు చూసి మూత బిగించేవాళ్లం, అంతే.

ఈ సిరాకు వెలుతురు పడదు. అందుకే కలిపే గదికి కిటికీలు లేవు, ఎర్ర బల్బు ఒక్కటే. సీసాలు కూడా ముదురు గోధుమ రంగువి. చర్మం మీద పెట్టినప్పుడు ఊదాగా ఉంటుంది, ఎండ తగిలాక నలుపు తిరుగుతుంది. ఒకసారి తిరిగిందా, ఇక ఏం చేసినా పోదు. చర్మం మీద రెండు మూడు వారాలు, గోరు మీదైతే గోరు పెరిగి బయటికి వచ్చేదాకా నెలల తరబడి ఉంటుంది.

పోదు అని ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా, అది నా పని. ఒక్కో దఫా కలిపినదాన్ని మేం వాయి అంటాం, ఇడ్లీల వాయిలాగా. ప్రతి వాయి నుంచీ గాజుపుల్లతో ఒక చుక్క తీసి వేలికి పెట్టుకుంటాను. మేడ మీదికి పోయి ఎండలో నిలబడతాను. తర్వాత దాన్ని పోగొట్టడానికి దొంగకు తోచే ఉపాయాలన్నీ చేస్తాను. సబ్బు, నిమ్మకాయ, కిరోసిన్, బ్లీచింగ్ పౌడరు, బొప్పాయి పాలు, ఇటుక పొడి. ఏదీ పనిచేయకపోతే వాయి పాసైనట్టు. పెట్టుకునేది ఎడమ చేతికి, ఎందుకంటే కుడి చేత్తో అన్నం తినాలి. చూపుడు వేలికే ఎందుకంటే చెకింగు కాగితంలో అలాగే రాసి ఉంటుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మన దగ్గర ఓటు వేసినవాళ్లకు సిరా పెట్టేది కూడా ఆ వేలికే.

పనిలో చేరిన ఏడాది ఎన్నికలు వచ్చాయి. కొత్త చీర కట్టుకుని పోయాను. బల్ల వెనక కూర్చున్నాయన నా చెయ్యి చూసి తలెత్తాడు.

"ఏందమ్మా, ఒకసారి ఏసిపోయి మళ్ల వచ్చినవా?"

"లే సార్. నేను సిరా చేసే కాడ పనిచేస్త. గా మచ్చ పనిది" అన్నాను.

వెనక లైన్లో ఎవరో "మస్తు కత చెప్తున్నది" అని నవ్వారు. ఇంకెవరో "దొంగ ఓటు" అన్నారు. నా నోరు అంత మంచిది కాదు. అక్కడున్న అందరినీ, వాళ్ల పార్టీలతో సహా, కడిగేసి బయటికి వచ్చాను. ఇంటికొచ్చి మా ఆయన ముందు ఏడ్చాను. నన్ను దొంగ అన్న గడప మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

తర్వాత ప్రతి ఎన్నికలకూ సారు ఒకటే మాట చెప్పేవారు. "మూడు నెలల ముందు నుంచీ ఆ వేలు వదిలెయ్యండమ్మా. వేరే వేలి మీద చూడండి, కాగితంలో నేను మార్చి రాస్తాను." నేను వినలేదు. "ఎవడు గెలిస్తే నాకేంది సార్? ఎవడు గెలిచినా మా గల్లీల నల్లా వచ్చేది రెండొద్దులకొకసారే" అనేదాన్ని. కావాలనే ఆ వేలికే పెట్టుకునేదాన్ని. ఊరంతా ఓటుకు పోయిన రోజు నల్లటి వేలితో గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీసేదాన్ని. చూసినవాళ్లు నేను అందరికంటే ముందే పోయి ఓటు వేసొచ్చాననుకునేవాళ్లు. అది నాకు తమాషాగా ఉండేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక దేశం నుంచి మాకు ఒకే ఎన్నికల కోసం మూడుసార్లు ఆర్డరు వచ్చింది. ఆ దేశం పేరు రాయను. రాస్తే ఒక మనిషికి ఇబ్బంది, ఇప్పటికే నా వల్ల పడిన ఇబ్బంది చాలు.

పెద్ద ఎడారికి కిందుగా ఉండే దేశం అది. సముద్రం లేదు. ఏ సరుకు పోవాలన్నా పక్క దేశపు ఓడరేవులో దిగి లారీల్లో పోవాలి. కొన్నేళ్ల కింద అక్కడ సైనికులు అధ్యక్షుణ్ని దించి గద్దె ఎక్కారు. సరిహద్దుల్లో తుపాకీ మూకలు ఊళ్లు తగలబెడుతున్నాయి, ఆపడం పాత ప్రభుత్వానికి చేతకాలేదు, మేం ఆపుతాం, ఆపి ఎన్నికలు పెట్టి పోతాం అన్నారు. జనం వీధుల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారట. సారు పేపరు చదివి మాకు చెప్పారు.

మొదటి ఆర్డరు సరుకు పెట్టెల్లో సర్దాక కబురు వచ్చింది, భద్రతా కారణాల వల్ల ఎన్నికలు వాయిదా అని. మా సిరా ఆరు నెలలే బాగుంటుంది. పెట్టెలు గోడకు చేర్చి పెట్టాం, అవి అక్కడే పాడైపోయాయి. ఏడాదికి రెండో ఆర్డరు వచ్చింది. ఈసారి ఓడ ఎక్కింది. ఈలోపు చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి, ఎన్నికలు పెట్టని సైనికుల మీద కోపంతో సరిహద్దులు మూసేశాయి. ఎన్నికలు పెట్టించడానికి మూసిన సరిహద్దు దగ్గరే ఎన్నికల సిరా ఆగిపోయింది. రేవులో ఎండకు ఉడికి ఆ సరుకూ పోయింది. ఇక సైనికులకు మంచి మాట దొరికింది. చుట్టూ శత్రువులు, లోపల శత్రువులు, ఇలాంటప్పుడు ఓట్లేమిటి అన్నారు.

"ఇల్లు కాలవడ్తే ముందు నీళ్లు చల్లాలె గానీ ఓట్లేంది, వాళ్లన్నది సుత నిజమే గదా" అంది మూతలు బిగించే ఆమె.

"కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటం?" అన్నాను నేను. నాకేదో తెలుసని కాదు. అవతలివాళ్లు ఎడ్డెమంటే తెడ్డెమనడం నా అలవాటు.

మూడోసారి విమానంలో పంపాలన్నారు. సరుకు బయల్దేరే ముందే తమ ఎన్నికల ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి పరీక్ష చేసి సంతకం పెడతారన్నారు. ఎవరో సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి వస్తాడనుకున్నాం. పొడుగ్గా, తలకు గుడ్డ చుట్టుకుని, పెద్ద పెద్ద పసుపు పూలున్న గౌనులో ఒకామె ఆటో దిగింది. నాకంటే రెండేళ్లు పెద్దది. వచ్చిన రోజే మా చాయి తాగి, చక్కెర చాలలేదని మొహమాటం లేకుండా చెప్పింది. నాకు అప్పుడే నచ్చింది.

ఆమెకు ఇంగ్లీషు కొంచెం, నాది పదో తరగతి ఇంగ్లీషు. రెండూ కుంటివే కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ మాట నేర్చుకుని ఆమె కూడా నన్ను అక్కా అనేది. పెద్దది నువ్వు, చిన్నదాన్ని నేను, నన్ను చెల్లె అనాలని ఎంత చెప్పినా వినలేదు.

పనిలో మాత్రం కఠినం. మా నిమ్మకాయలూ కిరోసినూ చూసి తల అడ్డంగా ఊపి, తన సంచిలోంచి వాళ్ల దొంగల సామాను తీసింది. ఏదో గింజల నుంచి తీసిన వెన్నలాంటిది, కట్టెల బూడిద, ఎండిన ఆకులు, సన్నటి ఇసుక. నా వేలికి రాసి తనే రుద్దింది. నా చర్మం ఎర్రబడింది గానీ మచ్చ కదల్లేదు. ఆమె నవ్వలేదు. "మీ చర్మం మీద కనిపిస్తే చాలదు" అంది. "మా చర్మం మీద కనిపించాలి."

ఇరవై రెండేళ్లుగా ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎవరి వేళ్ల కోసం చేస్తున్నామో ఆ వేళ్ల మీద మేం ఎప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది. "అయితే నీ వేలు ఇయ్యి అక్కా" అన్నాను.

ఆమె చెప్పు విడిచి కాలి బొటనవేలు చూపించింది.

మేమంతా నవ్వాం. చేతికి వద్దు, కాలికే పెట్టమంది. ఎందుకో చెప్పలేదు. అందమైన చేతులు కదా, మచ్చ పడుతుందని బాధ కాబోలు అనుకున్నాను. ప్రతి వాయి నుంచీ చుక్క తీసి ఆమె కాలి వేళ్లకు పెట్టి, మేడ మీద ఎండలో పీట వేసి కూర్చోబెట్టాను. పది రోజులు అలా గడిచాయి. రెండు వాయిలు ఆమె వద్దంది. గోరు మీద నలుపు సరిగా తిరగలేదంది. సారు మారు మాట్లాడకుండా మళ్లీ కలిపించారు.

"గింత పట్టింపు ఎందుకక్కా?" అని ఒకరోజు మేడ మీద అడిగాను.

"వాళ్లకు సాకు కావాలి" అంది. "సిరా బాగోలేదని ఒక్క మాట దొరికితే చాలు, మళ్లీ వాయిదా. ఈసారి సరుకు మంచిదని సంతకం పెట్టాల్సింది నేను. నా సంతకంలో తప్పు దొరక్కూడదు, నాలోనూ దొరక్కూడదు."

"మరి గా మూకల సంగతి ఏంది? ఊళ్లు కాలవెడుతున్నరంట గదా. ముందు అది ఆపాలె గదా?" మూతలామె మాట ఈసారి నా నోట వచ్చింది.

ఆమె తన కాలి వేలు ఎండలోకి జరిపింది. "భద్రత వద్దని నేను ఎప్పుడూ అనను. మా అన్న ఉండే ఊరు తగలబెట్టారు. మా అన్న లేడు ఇప్పుడు. సైనికుల శిబిరం ఆ ఊరికి దగ్గరే, ఆ రోజు ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి మా వదిన రాజధానికి వచ్చింది. ఎవరిని అడగాలో తెలియక ఆఫీసుల మెట్ల మీద నాలుగు రోజులు కూర్చుని పోయింది. పాతవాళ్లు చేతకానివాళ్లే, నాకు తెలుసు. కానీ చేతకాదని చెప్పి దించే రోజు ఒకటి ఉండేది. వీళ్లకు ఆ రోజు లేదు."

నేను ఆమె కాలు నా ఒళ్లోకి తీసుకుని తర్వాతి వేలికి చుక్క పెట్టాను.

ఆఖరి రోజు మధ్యాహ్నానికి అన్ని కాగితాల మీదా సంతకాలు అయ్యాయి. మర్నాడు పొద్దున ఆమెకు విమానం. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపం కదా, పళ్లెంలో జాకెట్టు గుడ్డ, రెండు పళ్లు, తమలపాకులు పెట్టి తెచ్చాను. కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టబోతే ఆమె నెమ్మదిగా తల వెనక్కి జరిపి, మా మతంలో పెట్టుకోమక్కా, ఏమనుకోకు అంది. నాకు మొహం చిన్నబోయింది. అందరూ చూస్తున్నారు. ఆ ఇబ్బందిని నవ్వుగా మార్చాలని బుద్ధి పుట్టింది నాకు.

పక్క బల్ల మీద తెరిచిన సీసా, దాంట్లో గాజుపుల్ల. "మా కార్ఖానాల బొట్టు గిదే అక్కా. మా చెయ్యి దాటకుంట ఎవరు పోరాదు" అని ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని, చూపుడు వేలి మీద, గోరూ చర్మం కలిసేచోట, నిండుగా ఒక చుక్క పెట్టాను. ఇరవై రెండేళ్ల చేతి అలవాటు, ఎక్కడా చెదరకుండా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె ముఖం చూసి నా చేతిలోని పుల్ల కింద పడింది.

భయపడిన మనుషుల్ని నేను చూశాను. ఆసుపత్రిలో చూశాను, పోలీసు స్టేషను మెట్ల మీద చూశాను. ఆమె భయం అరవలేదు, ఏడవలేదు. చెయ్యిని గుడ్డలో చుట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. సారు వచ్చి ఇంగ్లీషులో అడిగితే ఒక్కో మాటే చెప్పింది. వాళ్ల దగ్గర కొన్నాళ్లుగా కాలేజీ పిల్లలు ఎన్నికలు పెట్టమని అడగడానికి ఎడమ చూపుడు వేలికి నల్ల సిరా పూసుకుంటున్నారు. ఓటు వేయనివ్వండి అని నోటితో అంటే జైలు కాబట్టి, వేలు చూపిస్తున్నారు. సైనికులు బస్సులు ఆపి వేళ్లు చూస్తున్నారు. మచ్చ ఉన్నవాళ్లను దింపి తీసుకుపోతున్నారు. ఎన్నికల ఆఫీసులో పనిచేసే మనిషి ఆ వేలితో విమానం దిగితే ఇక చెప్పక్కర్లేదు.

నేను ఆమెను రెక్క పట్టుకుని ఎర్ర బల్బు గదిలోకి లాక్కుపోయాను. ఎండ తగలకపోతే నలుపు తిరగదేమోనని ఆశ. ఉప్పు నీళ్లు, సబ్బు, నిమ్మకాయ, బ్లీచింగ్ పౌడరు. సారు అల్మారాలోంచి ఏవో పొడులు కలిపి తెచ్చారు. బొప్పాయికాయ కోసం మూతలామె పరుగెత్తింది. అక్క సంచిలోని వెన్న, బూడిద, ఇసుక కూడా రుద్దాం. ఇరవై రెండేళ్లు ఇది దేనికీ పోకూడదని చూసినదాన్ని, ఆ సాయంత్రం ఒక్కసారి పోవే తల్లీ అని సిరాను బతిమాలాను. చర్మం మీద కాస్త వెలిసింది. గోరు మీద, గోటి మొదట్లో మాత్రం నల్లగా, నిండుగా, ఏ వాయికీ పడనంత బాగా పడి ఉంది. నా పనితనం మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది.

"చాలు" అంది ఆమె. వేలు వాచిపోయింది.

సారు దూదీ గుడ్డా తెచ్చి కట్టు కట్టారు. పెట్టె మూతలో వేలు నలిగిందని చెప్పాలని అనుకున్నాం. ఆమె చిన్నపిల్లలా చెయ్యి ముందుకు చాపి కూర్చుంది. నేను ఎదురుగా కింద కూర్చుని ఏడుస్తున్నాను. నా ఏడుపు ఆపడానికో, తనను తాను ఓదార్చుకోవడానికో, ఆమె నన్ను అడిగింది.

"అక్కా, నువ్వు కిందటిసారి ఓటు ఎప్పుడు వేశావు?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నల్లటి వేలు నా దగ్గర సిద్ధంగానే ఉంది. నిజమే చెప్పాను. బడి దగ్గర జరిగింది, దొంగ అన్న మాట, నా ఒట్టు, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచిన సంగతి, అన్నీ చెప్పాను. చెప్తుంటే నాకే చిన్నతనంగా అనిపించింది.

ఆమె తిట్టలేదు. నా చెయ్యి తీసుకుని తన కట్టు పక్కన పెట్టి చూసుకుంది. "నిన్ను ఎవరో ఒక మాట అన్నారని!" అంది నెమ్మదిగా. మా అత్తగారు బతికుండగా నన్ను అన్న మాటలన్నీ కలిపినా నన్ను అంత కోయలేదు.

మర్నాడు సారు ఆమెను విమానాశ్రయంలో దింపి, సరుకు పెట్టెలు కూడా విమానానికి అప్పజెప్పి వచ్చారు. చేరగానే కబురు పెడతానంది. వారమైనా రాలేదు. నాకు అన్నం సయించలేదు. ఫోను పక్కనే పెట్టుకుని సిరా కలిపేదాన్ని. మా ఆయన, "ఎందుకు పరేషాన్ అయితవ్, అంత దూరం పోయినామె, తీరిక దొరకద్దా" అన్నాడు. ఆయన మీద విరుచుకుపడ్డాను.

పదకొండో రోజు వచ్చింది కబురు, ఫోనులో, విరిగిన ఇంగ్లీషులో. విమానం దిగగానే కట్టు విప్పించారు. రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, పిల్లలకు సిరా నువ్వే ఇస్తున్నావా అని అడిగారు. ఇండియాలో పరీక్షకు పెట్టుకున్నానని చెప్పింది. కాలి వేళ్లు కూడా చూపించింది. కొట్టలేదు, వదిలేశారు. కానీ ఉద్యోగం నుంచి తీసేశారు, ఒక పక్షానికి మొగ్గిన మనిషి అని రాసి. అలాంటి మనిషి సంతకం చెల్లదు కాబట్టి సరుకును మళ్లీ పరీక్ష చేయాలన్నారు. పరీక్ష ఎప్పుడన్నది రాయలేదు. చివర, నువ్వు ఏడవకు అక్కా అని ఉంది.

సారు ఆ కబురు రెండుసార్లు చదివారు. "వాళ్లకు సాకు కావాలంతేనమ్మా. ఇది కాకపోతే ఇంకోటి వెతికేవాళ్లు" అన్నారు.

కావచ్చు. సారు చదువుకున్న మనిషి, ఆయన మాట నిజమే అయుంటుంది. కానీ వాళ్లు వెతికే పని లేకుండా ఆ సాకును పళ్లెంలో పెట్టి, తమలపాకుతో సహా అందించింది నేను. మూడేళ్లుగా ఒక దేశం మొత్తం ఎదురుచూస్తున్న రోజును నేను ఒక తమాషా కోసం పాడుచేశానేమో అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదు.

మర్నాటి నుంచి చెకింగుకు ఎడమ చూపుడు వేలు ఆపేశాను. చెప్పు విడిచి కాలి బొటనవేలికి పెట్టుకోవడం మొదలుపెట్టాను. నెలలు గడిచేకొద్దీ నా వేలి గోరు అడుగు నుంచి తెల్లగా పెరుగుతూ వచ్చింది. అక్కడ ఆమె గోరు కూడా ఇలాగే పెరుగుతూ ఉంటుందని రోజూ అనుకునేదాన్ని. సరుకుకున్న ఆరు నెలల గడువూ అలాగే తరిగిపోయింది. పెట్టెలు రాజధానిలో ఒక గోదాములో ఉన్నాయని, సరిహద్దులో మళ్లీ ఊళ్లు తగలబడ్డాయని, ఎన్నికలు ఈసారి తేదీ లేకుండా వాయిదా పడ్డాయని సారు పేపరు చూసి చెప్పారు. ఆ ఊళ్లకైనా సైనికులు వెళ్లారో లేదో పేపర్లో లేదు. మూతలామె ఈసారి నీళ్లు చల్లే మాట ఎత్తలేదు.

మొన్న మా దగ్గర ఎన్నికలు వచ్చాయి. పొద్దున్నే లేచి తలస్నానం చేసి అదే బడికి పోయాను. ఎదుటివాళ్లు ఏదైనా అంటే పడాలని ముందే మనసుకు చెప్పుకున్నాను. పోట్లాడకూడదు, వెనక్కి రాకూడదు. లైన్లో గంటసేపు నిలబడ్డాను. కాళ్లు లాగాయి. బల్ల దగ్గరికి చేరాక అక్కడున్న అమ్మాయి నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది. మిగతా వేళ్ల మీద పాత మరకల ఛాయలు కొంచెం ఉన్నాయి.

"ఇదేంది ఆంటీ, గీ మరకలు?" అంది.

"సిరా పని బిడ్డా. చూపుడు వేలు జూడు, సాఫ్ ఉన్నది. జెర మంచిగ చూడు" అన్నాను.

ఆ అమ్మాయి చూసింది. వెనక ఎవరూ నవ్వలేదు. నా వేలి మీద సిరా గీత గీసింది. మా సిరా కాదు, వేరే ఊరి సిరా. ఇరవై రెండేళ్లలో వేరేవాళ్లు నా వేలికి సిరా పెట్టడం అదే మొదటిసారి. ఎవరికి వేశానో చెప్పను. వాళ్లు గెలిచినా నల్లా రెండు రోజులకొకసారే రావచ్చు. అప్పుడు వెళ్లి అడుగుతాను. అడగడానికి నాకు ఒక గడప ఉంది.

ఇంటికొచ్చి ఆమెకు రాశాను. ఫొటో పంపలేదు, నల్లటి వేలి బొమ్మ ఆమె ఫోనులో ఉంటే మళ్లీ ఏం ముంచుకొస్తుందోనని భయం. "అక్కా, ఈ రోజు ఓటు వేశాను" అని ఒక్క మాట రాశాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. సంతోషం అని రాసింది. వదినతో కలిసి బట్టలు కుట్టి అమ్ముకుంటున్నానంది. గోరు ఎప్పుడో పెరిగి మచ్చ చివరికి వచ్చేసిందట. ఆ ముక్క కత్తిరించి పారేయలేక కాగితంలో మడిచి, తన పాత ఉద్యోగం కార్డుతో పాటు దాచుకుందట. కింద ఇంకో వాక్యం ఉంది. "మూడుసార్లు మీరు చేసిన సిరా మొత్తంలో, మా దేశంవాళ్ల చేతుల్లో అంటింది నా ఒక్క వేలికే అక్కా."

సారుకు ఆ మాట చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను లోపలికి పోయి ఎర్ర బల్బు వేశాను. ఆ రోజు వేరే దేశానిది ఒక వాయి కలపాల్సి ఉంది.